కొమురవ్వ కోళ్ళు తిన్న తోటకూర

కొమురవ్వ కోళ్ళు రాలిపోతున్నాయన్న కబురు నాకు మొదట తెచ్చింది శాంతక్క. కొమురవ్వ పక్కింట్లో బీడీలు చుట్టుకొని బతికే మనిషి. మే నెల ఎండలో చెప్పులు వేసుకోవడం కూడా మరిచి కంకర రోడ్డు మీద నడిచి వచ్చింది. తొర్రూరు పక్క పల్లెలో నేను ఒక మేక కాలికి కట్టు కడుతున్నాను.

"కోళ్ళక్కా, జల్ది రా. కొమురవ్వ కోళ్ళు నిలవడ్డవి నిలవడ్డట్టే పడిపోతున్నయి."

"ఎన్నడు సంది?"

"ఎన్నడు సందేందే? గిప్పుడే! పొద్దుగాల కూసిన పుంజు గిప్పుడు రెక్కలు జారేసి నోట్లె నురుగు కక్కుతుంది."

ఉన్నపళంగా ఆమె వెంట నడిచాను. ఆమె అరికాళ్ళు బొబ్బలెక్కిన సంగతి సాయంత్రం దాకా నేను చూడనే లేదు. చూశాక కూడా ఆమె నన్నేమీ అనలేదు. శాంతక్కకు నా వందనాలు. ఆమె చేయవలసింది ఆమె చేసింది. చేయవలసింది చేయనిదాన్ని నేను. ఈ పనిలోకి కొత్తగా వస్తున్న ఆడపిల్లల కోసం అదే రాస్తున్నాను.

నా పని

ఇరవై రెండేళ్ళు పశుమిత్రగా పని చేశాను. పశుమిత్ర అంటే డాక్టరు కాదు. ఊళ్ళో ఉండి కోళ్ళకు, మేకలకు టీకాలు వేసి, కడుపులో పురుగులకు నట్టల మందు తాగించి, చేతకాని రోగమైతే పశువుల దవాఖానకు కబురు పెట్టే ఆడమనిషి. మొదట తరిగొప్పుల వైపు, తర్వాత తొర్రూరు వైపు, చివరి ఏళ్ళు మొగుళ్లపల్లిలో. మోకాళ్ళు మొరాయించాక మానుకున్నాను.

బడికి పోలేదు నేను. మా అమ్మ రోజూ ప్రార్థన అయ్యాక పాటల పుస్తకం ముందు పెట్టి, నా వేలు పట్టుకొని అక్షరాల మీద నడిపించేది. ఆ చదువుతోనే మందు సీసాల మీద రాత చదివాను, ఊళ్ళ రిజిస్టర్లు రాశాను. దేవుడు నాకు ఇచ్చినదాంట్లో తక్కువేమీ లేదు. దాన్ని నేను వాడిన తీరులోనే తక్కువ ఉంది.

జనం నన్ను కోళ్ళక్క అనేవాళ్ళు. మేకలకు ఎంత చేసినా ఆ పేరు మారలేదు.

తరిగొప్పులలో నేర్చుకున్నది

పెరటి కోడి మామూలుగా తన ఆకు తానే వెతుక్కుంటుంది. వానాకాలంలో దానికి మనం పెట్టాల్సిన పని లేదు. కష్టం రెండు వేళల్లో వస్తుంది. ఒకటి, విత్తనాలు వేసే రోజుల్లో. పక్కింటి వాళ్ళ నారు గీకిందని గొడవై కోళ్ళను మూస్తారు. రెండు, ఎండాకాలం. గరిక వేరు కూడా మాడిపోతుంది. ఆ రెండు వేళల్లో గింజలు ఎంత చల్లినా కోడికి చాలదు. గుడ్డులో పచ్చసొన తెల్లబారుతుంది, కళ్ళు ఉబ్బి పుసి కడతాయి, గుంపులో ఒకదాని తోక ఈకలు ఒకటి పీకడం మొదలవుతుంది.

తరిగొప్పులలో ఒక పటేలమ్మ ఇంట్లో ఇరవై కోళ్ళను ఇనుప జాలి గదిలో పెట్టారు. నేను వెళ్ళేసరికి సగం కోళ్ళకు వెనుక వైపు తోలు నెత్తురోడుతోంది. మందు అడిగింది. మందు వద్దని పెరట్లోంచి తోటకూర, మునగ రెమ్మలు తెప్పించి, కట్టలు కట్టి, కోడి మెడ చాచితే అందేంత ఎత్తులో జాలికి వేలాడదీశాను.

"ఏందే, కోళ్ళకు తోరణం కడుతున్నవా?" అని నవ్వింది పటేలమ్మ. "ఊళ్ళె చూస్తే మా పుంజుకు పెండ్లి అనుకుంటరు."

"అనుకోనీ అమ్మా. పెండ్లి భోజనం పెడితే కొట్లాట ఆగుతది."

నిజంగానే ఆగింది. కింద పడేస్తే తొక్కి, రెట్ట పెట్టి, తినకుండా వదిలేస్తాయి. వేలాడదీస్తే దినమంతా ఎగిరి ఎగిరి పొడుచుకుంటాయి. వారం తిరిగేసరికి పుండ్లు మానాయి. పటేలమ్మ ఊరంతా చెప్పింది. ఆ తర్వాత ఏ ఊళ్ళో సమావేశమైనా నేను ఒక మాట అనేదాన్ని: "పచ్చగుంటే కోడికి అన్నమే." ఆడవాళ్ళకు నచ్చింది. నేను కనబడితే దూరం నుంచే ఆ మాట అని నవ్వేవాళ్ళు. నాకు లోలోపల గర్వంగా ఉండేది. ఒక్క పనిలో నెగ్గినదాన్ని ఊరూరా ఒకే మాటగా చేసి పంచడం మన పనిలో పెద్ద ప్రమాదం. అప్పుడు నాకు తెలియదు.

ఆమె అడిగింది

కొమురవ్వకు ఆ నాటికి అరవై దాటి ఉంటాయి. భర్త లేడు, పిల్లలు లేరు. బోరు కింద తోటల్లో కూలికి పోయేది. ఊళ్ళో ఆమెకు ఒక గౌరవం ఉండేది, అది కోళ్ళ వల్ల వచ్చింది. కొత్తగా కాపురానికి వచ్చిన ప్రతి కోడలికీ ఒక పెట్టను సగం పాలుకు ఇచ్చేది. పెట్ట పొదిగాక పిల్లల్లో సగం ఆ కోడలివి, సగం కొమురవ్వవి. తన సగాన్ని మళ్ళీ ఇంకో ఇంటికి ఇచ్చేది. అట్లా ఆ ఊళ్ళో సగం ఇళ్ళ కోళ్ళు ఆమె పెట్టల సంతానమే. కోడళ్ళు అత్తతో గొడవపడితే ముందు ఆమె గడపకే వచ్చేవాళ్ళు.

ఆ వేసవిలో ఆమె కోడిజాతి మార్పు కోసమని మొగుళ్లపల్లిలో ఉండే అక్క రాజవ్వ దగ్గరికి పోయి ఒక పుంజును, పెట్టను తెచ్చుకుంది. వాటికి టీకా వేసే లోపల ఊళ్ళో సమావేశం పెట్టాను. ఎండలకు గడ్డి లేదు, కోళ్ళకు పచ్చి ఆకు ఎట్లా అన్నదే ముచ్చట. మునగ, అవిశ అని చెప్పాను. చాలా ఇళ్ళలో చెట్టే లేదు. చివరికి నా పాట నేను పాడాను: పచ్చగుంటే కోడికి అన్నమే, ఎక్కడ కనబడితే అక్కడ తెంపుకొని రండి అని.

వెనుక కూర్చున్న కొమురవ్వ లేచి అడిగింది.

"బిడ్డా, బోరు కింద బెండ తోటల కలుపు తోటకూర మస్తు మొలిచింది. గది తేవచ్చునా?"

అందరూ వింటుండగా అడిగింది. ఒక్క క్షణం ఆగి ఆలోచించాల్సింది. ఎండాకాలం ఊళ్ళో పచ్చగా మిగిలేది బోరు కింద తోట ఒక్కటే. నీళ్ళు పారే చోటే పురుగు ఉంటుంది, పురుగు ఉన్న చోటే మందు కొడతారు. ఇది కూలికి పోయే ప్రతి ఆడమనిషికీ తెలుసు. కొమురవ్వకూ తెలుసు. అందుకే అడిగింది. నేను నవ్వి, "పచ్చగుంటే చాలు అవ్వా" అన్నాను. అందరూ నవ్వారు. ఆమె కూడా నవ్వి కూర్చుంది.

మా వైపు కలుపు కూరను అడిగి తెంపుకోవడం ఉండదు. కూలికి పోయిన ఆడవాళ్ళు ఇంటికి వచ్చేటప్పుడు ఒళ్ళో వేసుకొని వస్తారు, ఆసామి కూడా వద్దనడు. ఇంట్లో కడిగి, ఉడకబెట్టి తింటాము. కోడి పచ్చిది తింటుంది.

గుడ్ల మీది పెట్ట

శాంతక్క వెంట నేను పోయేసరికి వాకిట్లో పదమూడు కోళ్ళు పడి ఉన్నాయి. మిగిలినవి కాళ్ళు ఈడుస్తున్నాయి. కొమురవ్వ ఒక్కొక్కదాని నోట్లో నీళ్ళు పోస్తోంది. దూలానికి తోటకూర కట్ట వేలాడుతోంది, నేను చెప్పిన ఎత్తులోనే.

ఒక చచ్చిన పెట్టను కోసి మెడ కింద మేత సంచి తెరిచాను. నిండా ఆకు. మందు వాసన గుప్పుమంది. గదిలో మూలన గంప కింద ఒక పెట్ట పదకొండు గుడ్ల మీద కూర్చుని ఉంది. నన్ను చూసి ఈకలు నిక్కించి గుర్రుమంది. దానికి ఏమీ కాలేదు. ఆ పొద్దు అది గుడ్ల మీంచి లేవలేదు, ఆకు తినలేదు. రోగమైతే దానికీ రావాలి. ఇక నాకు అనుమానం లేదు.

పశువుల దవాఖాన డాక్టరు సారుకు ఫోన్ చేసి ఉన్నది ఉన్నట్టు చెప్పాను. ఆయన చెడ్డవాడు కాదు. మా ఆయన కాలు విరిగినప్పుడు తన బండిలోనే వరంగల్ తీసుకపోయాడు, ఆ మేలు నేను మరవను. కానీ ఆ పొద్దు ఆయన అన్నది ఇది: "ఆకు అంటే ఎవరు తెమ్మన్నారంటారు. రేపటి నుంచి నీ టీకా కూడా ఎవరూ వేయించుకోరు. తోట ఆసామి కూడా ఊరుకోడు. కొత్త కోళ్ళు వచ్చాయంటున్నావుగా, అంటుకునే కొక్కెర రోగం అని రిజిస్టర్లో రాయి. మిగతా కోళ్ళకు టీకా వెయ్యి, మంచిదే కదా."

రాశాను. మా అమ్మ నేర్పిన అక్షరాలతోనే రాశాను.

మధ్యాహ్నానికి నేను రాసిన రోగం పేరు ఊరంతా పాకి, పది మంది ఆడవాళ్ళు వాకిట్లోకి వచ్చారు. అందరి ఇళ్ళలో కొమురవ్వ ఇచ్చిన కోళ్ళే ఉన్నాయి.

"మొగుళ్లపల్లి కోళ్ళు నీకెందుకే అవ్వా? ఊళ్ళె కోళ్ళు లెవ్వా?"

"మా కోళ్ళకు అంటితే ఎవల పాపం?"

"గా గుడ్ల మీదున్నదాన్ని గూడ బొందల పెట్టాలె. అంటుడు రోగం గది."

కొమురవ్వ నా వైపు చూసింది. "కోళ్ళక్క చెప్పనీ. బిడ్డా, గిది గూడ పోవాల్నా?"

టీకాల పెట్టె మూత సరిగ్గా పడలేదని దాన్ని నొక్కుతూ కూర్చున్నాను. తల ఎత్తకుండానే అన్నాను: "సారు గట్లనే అన్నడు అవ్వా."

సారు అట్లా అననే లేదు. ఆ పెట్ట గురించి నేను ఆయనకు చెప్పిందే కోళ్ళు ఆకు వల్ల చచ్చాయని రుజువు చేయడానికి.

ఆమె గంప ఎత్తింది. గుడ్లు ఒక్కొక్కటి తీసి చెవి దగ్గర పెట్టుకొని విన్నది. రెండు రోజులైతే పిల్లలయ్యేవి. ఏం వినబడిందో ఎవరికీ చెప్పలేదు. పెట్టను తన చేత్తోనే పట్టుకపోయింది. బొంద పూడ్చి వచ్చి, ఆ సాయంత్రం ప్రతి ఇంటి ముందూ నిలబడి రెండు చేతులూ జోడించింది. "నా వల్ల మీ కోళ్ళకు ఏం కావద్దు, నన్ను మన్నించుండ్రి" అన్నది. ఊళ్ళో ఒక్క కోడికీ ఏమీ కాలేదు. నా టీకా వల్లే ఆగిందని నన్ను మెచ్చుకున్నారు.

ఆమెకు మాత్రం రోగాల కొమురవ్వ అన్న పేరు పడింది. ఎవరూ ఆమె దగ్గర పెట్టను పాలుకు తీసుకోలేదు. ఆమె కూడా మళ్ళీ కోడిని పెంచలేదు. కోడళ్ళు ఆ గడపకు రావడం మానేశారు.

నేను ఏం చేశానంటే, ప్రార్థన చేశాను. ప్రతి ఆదివారం ప్రభువు ముందు ఒప్పుకున్నాను, ఏడ్చాను, మనసు తేలికై ఇంటికి వచ్చాను. అట్లా ఏడేళ్ళు. నేను ఒప్పుకోవలసింది ఆ పది మంది ఆడవాళ్ళ ముందు. దేవుడికి ముందే తెలుసు కదా.

ఆకు గురించి చెప్పవలసింది

ఇప్పుడు మీరు పని మొదలుపెడితే ఇట్లా చెప్పండి. ఎండాకాలానికి ముందే ప్రతి ఇంట్లో ఒక మునగ కొమ్మ నాటించండి. బట్టలు ఉతికిన నీళ్ళు కాకుండా బియ్యం కడిగిన నీళ్ళు పోస్తే చాలు, బతుకుతుంది. చెట్టు లేని ఇంటికి మొలకలు చెప్పండి. జొన్నలో, మక్కలో గుప్పెడు తీసుకొని రాత్రి నానబెట్టి, తడి గోనెపట్టాలో మూటగట్టి, మొలక వచ్చాక చేటలో పరిచి నీడన పెట్టి నీళ్ళు చిలకరిస్తే వారంలో వేలెడు పచ్చి మొలక వస్తుంది. విత్తనం కోసం మందు పట్టించి అమ్మే గింజలు వద్దు, తిండి గింజలే వాడాలి. బూజు వాసన వస్తే పెంటలో పారేయమనండి, కోడికి వేయొద్దు. ఇంట్లో కూర తరిగినప్పుడు మిగిలే తోటకూర కాడలు, గంగవాయిలి కూర, ముల్లంగి ఆకు బాగా కడిగి సన్నగా తరిగి వేయవచ్చు. పొడుగు గడ్డి పీచు అట్లాగే వేస్తే మేత సంచిలో ఉండ కడుతుంది. టమాట ఆకు, పచ్చబడ్డ ఆలుగడ్డ తొక్క, గన్నేరు, జిల్లేడు దగ్గరికి రానివ్వొద్దు. ఒక్కో కోడికి ఒక గుప్పెడు చాలు, అది గింజకు తోడే కానీ గింజకు బదులు కాదు.

బయటి నుంచి తెచ్చిన ఆకు ఏదైనా, ఎవరి చేను, మందు ఎప్పుడు కొట్టారు అని అడగమనండి. తెలియకపోతే తేవొద్దు. నాలుగు రోజులు ఆకు లేకపోతే కోడి చావదు.

ఎవరైనా లేచి ప్రశ్న అడిగితే నవ్వకండి. వెనుక కూర్చున్న ముసలమ్మ అడిగితే అసలే నవ్వకండి. ఆమె మిమ్మల్ని పరీక్షించడానికి అడగదు. ఆమెకు తెలిసినదాన్ని మీతో సరిచూసుకుంటుంది.

పై అధికారి రాయమన్నది మీకు తెలిసినదానికి ఎదురైతే, రాసే ముందు ఒక పూట ఆగండి. నేను ఒక పూట ఆగి ఉంటే, గుడ్ల మీది పెట్టను చూపించి ఊరందరికీ చెప్పగలిగేదాన్ని.

మొగుళ్లపల్లిలో

ఏడేళ్ళ తర్వాత మా కుటుంబం మొగుళ్లపల్లికి మారింది. అక్కడ ఒక ఇంట్లో టీకాలు వేస్తుంటే ఆ ఇంటి ముసలమ్మ, "నా కోళ్ళకు ఎన్నడూ ఏ రోగం రాలే. అయినా నా చెల్లె నా మీద నింద ఏసింది" అన్నది.

"ఎవలవ్వా నీ చెల్లె?"

"తొర్రూరు దిక్కు ఉంటది. కొమురి. రోగం కోళ్ళు ఇచ్చిననట, ఊళ్ళె దాని ఇజ్జత్ తీసిననట. ఏడేండ్లాయె మాట్లాడక. నేను సచ్చినా రావద్దని కబురు పంపిన."

చేతిలోని సూది పక్కన పెట్టి ఆమె ముందు కూర్చున్నాను. రాజవ్వకే అందరికంటే ముందు చెప్పాను. ఆమె చివరిదాకా విన్నది. తర్వాత, "నువ్వు మంచిదానివి అని అందరంటరు" అన్నది. అంతే. తిట్టి ఉంటే బాగుండేది. పొద్దున్నే బస్సుకు నాతో పాటు వచ్చింది.

కొమురవ్వ మంచం పట్టి ఉంది. శాంతక్క రెండు పూటలా గంజి తెచ్చి పోస్తోంది. అక్కను చూసి ముఖం గోడ వైపు తిప్పుకుంది. రాజవ్వ మంచం పట్టె మీద కూర్చుని, "ఓ కొమురీ, ముందుగాల గీమె మాట ఇను" అన్నది.

చెప్పాను. వాసన, మేత సంచి, గుడ్ల మీది పెట్ట, ఫోను, రాత, అన్నీ.

"నేను అడిగిన గద బిడ్డా" అన్నది కొమురవ్వ. "తోటల కూర తేవచ్చునా అని అడిగిన గద."

"అడిగినవు అవ్వా."

"అయితే నా కోళ్ళది రోగం కాదు."

"కాదు అవ్వా."

"మరి నా పెట్ట?"

ఆమె అక్క చేయి వెతుక్కొని పట్టుకొని కళ్ళు మూసుకుంది. కాసేపటికి కళ్ళు తెరిచి, "గీ ముచ్చట ఊళ్ళె చెప్పు బిడ్డా. నాకు ఒక్కదానికి చెప్తే ఏం లాభం" అన్నది. ఆదివారం అందరూ ఇంటి పట్టున ఉంటారు, ఆ రోజు చెప్తానన్నాను. మళ్ళీ వాయిదా వేశాను, చూడండి. శుక్రవారం ఆమె పోయింది. రాజవ్వ పక్కనే ఉంది. అందుకు మాత్రం దేవునికి వందనాలు.

పెద్దకర్మ రోజు భోజనాలకు కూర్చున్న వాళ్ళ ముందు నిలబడి మొత్తం చెప్పాను. ఒక ముసలాయన విస్తరి సర్దుకుంటూ, "పోనియ్యక్కా, గిప్పుడు ఎందుకు గవన్ని" అన్నాడు. ఒకప్పటి కోడళ్ళు ఇద్దరు కొంగు నోటికి అడ్డం పెట్టుకున్నారు. మిగిలిన వాళ్ళు తల ఊపి తిన్నారు. నేను బస్సు ఎక్కే చోట ఒక చిన్నపిల్ల వాళ్ళ అమ్మను అడుగుతోంది: "అమ్మా, గీమె రోగాల కొమురవ్వ ఇంటికి వచ్చిందా?" ఆ పిల్ల ఆ సంగతి జరిగినప్పుడు పుట్టి కూడా ఉండదు.

ఆ ఊళ్ళో నా మాట చేరవలసినంత దూరం చేరలేదు. అందుకే కాగితం మీద పెడుతున్నాను. చదివిన వాళ్ళు నన్ను మరిచిపోయినా ఫర్వాలేదు. కొమురవ్వను గుర్తుంచుకోండి. ఆమె కోళ్ళకు ఏ రోగమూ లేదు. ఆమె ఊరికి ఏ కీడూ తేలేదు. తెచ్చే ముందు అడిగింది కూడా. ఎవరైనా మీ దగ్గర ఆమె పేరు ముందు ఆ మాట చేర్చి పలికితే, కాదని చెప్పండి.